నీళ్ళు వచ్చాయా, వస్తున్నాయా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ని, భవానీపురంలో కొన్ని వీధుల్ని ముంచేసింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దాటిన కృష్ణ వరద 11.43 లక్షల క్యూసెక్కులు. ఇంత జరిగాక ఊళ్ళో కథలు పుట్టకుండా ఉంటాయా? ఇంగ్లీషు మీడియంలో చదివిన మన పిల్లలు వాటిని ఇంగ్లీషులోనే రాస్తున్నారు. రాయనివ్వండి. మా పేచీ అల్లా ఒక్కటే: మేం చూసినవాటిలో చాలామటుకు వర్తమానంలోనే నడుస్తున్నాయి. నీళ్ళు మెట్లెక్కుతున్నాయి, కరెంటు పోతోంది, అమ్మమ్మ మేడమీదికి రానంటోంది.

వర్తమానం తప్పని కాదు. హిలరీ మాంటెల్‌కి 2009లో బుకర్ తెచ్చిన ‘వుల్ఫ్ హాల్’ అంతా వర్తమానమే. అందులోని నాయకుడు క్రామ్‌వెల్ తల తెగుతుందని చరిత్ర చదివినవాళ్ళకి తెలుసు, అతనికి తెలియదు. ఆ కాలం అక్కడ అందుకే నప్పింది. అంతకు చాలాముందే డికెన్స్ ‘బ్లీక్ హౌస్’లో ఒక గొంతుని వర్తమానంలో నడిపి, ఎస్తర్ చేత మాత్రం భూతకాలంలో చెప్పించాడు. ఎస్తర్ అన్నీ గడిచాక వెనక్కి చూసుకుంటోంది. రెండో గొంతుకి ఆ తీరిక లేదు.

బళ్ళో పన్నెండు టెన్సులూ బట్టీ పట్టించారు. కథ రాసేటప్పుడు ఆ పట్టిక పెద్దగా అక్కరకి రాదు. చెప్పేవాడు ఎక్కడ నిలబడి చెబుతున్నాడో తేలితే టెన్సు దానంతటదే తేలుతుంది. మేడమీద ఉన్నవాడికి పడవ వస్తుందో రాదో తెలియదు. ఒండ్రు ఎత్తిపోసుకుని, గోడలకి మళ్ళీ రంగు వేయించుకున్నవాడికి పడవ సంగతే కాదు, పాలప్యాకెట్టు ఎవరు ఎంతకి అమ్మారో కూడా తెలుసు. అమ్మమ్మ ఆ ఇంట్లో దీపం పెట్టడం అదే ఆఖరుసారి అని వాడు చెప్పగలడు. వర్తమానంలో రాసేవాడికి ఆ వాక్యం దక్కదు.

భూతకాలంలో చెబితే ఉత్కంఠ పోతుందంటారు. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ చూడండి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న కథ. పద్ధతి తప్పకుండా బతికిన రావుగారు తుపానులో ఒక రైల్వే స్టేషన్లో చిక్కుపడతాడు. కథంతా జరిగిపోయినట్టే చెప్పాడు పద్మరాజు. అయినా తర్వాతి క్షణం ఏమవుతుందో రావుగారికీ తెలియదు, మనకీ తెలియదు.

మనవాళ్ళు తడబడేది నిజానికి వేరేచోట. తెలుగులో నోటితో చెప్పేటప్పుడు కాలాలు కలగలిపేస్తాం: “తలుపు తీశానా, ఇంకేముంది, మంచం తేలుతోంది!” ఎవరూ తప్పుపట్టరు. “పొద్దునకి తగ్గుతుందన్నారు” అంటే అన్నవాళ్ళ ‘తగ్గుతుంది’ చెక్కుచెదరదు. ఇంగ్లీషులో ‘అన్నారు’ భూతకాలమైతే లోపలి ‘విల్’ కూడా సాధారణంగా ‘వుడ్’ అయిపోతుంది. అది మరిచిపోతే నీళ్ళు తగ్గేది కథలోని పొద్దునకో, రాసేవాడి పొద్దునకో అర్థం కాదు.

‘హ్యాడ్’ బెడద మరొకటి. వచ్చి, చూసి, ఎక్కి అంటూ ముందువెనకలు మనం ఇట్టే చెప్పేస్తాం. ఆ అలవాటుతో కొందరు ‘హ్యాడ్’ని పూర్తిగా వదిలేస్తున్నారు, కొందరు భయపడి వాక్యానికొకటి తగిలిస్తున్నారు. పాత సంగతి ఎత్తుకునేటప్పుడు ఒకటో రెండో వాడి, ఆనక మామూలు భూతకాలంలోకి దిగిపోవచ్చు. మళ్ళీ వరద రాత్రికి తిరిగొచ్చేచోట ఒక ఆనవాలు ఉంచితే ఇంగ్లీషు పాఠకుడు దారి తప్పడు.