మన ఆరోగ్యం: ఇండియా ప్రయాణానికి ముందు

బడులకు సెలవులిచ్చే రోజులు దగ్గర పడుతున్నాయి. మన సభ్యుల ఇళ్ళలో టిక్కెట్లు కొనడం, సూట్‌కేసులు తూచుకోవడం మొదలయ్యే ఉంటుంది. ఈ హడావిడిలో మనం మరచిపోయే విషయం ఒకటుంది. అది మీకు చెప్పే ముందు నా తప్పు నేను ఒప్పుకోవాలి.

కొన్నేళ్ళ క్రితం మేము నలుగురం మా ఊరు వెళ్ళి నెల రోజులుండి వచ్చాం. "పుట్టి పెరిగిన ఊరు, చిన్నప్పటినుంచీ తాగిన నీళ్ళే, సూదులెందుకు?" అనుకున్నాను. అలా అనుకున్నవాణ్ణి డాక్టర్ని! తిరిగి వచ్చిన పన్నెండో రోజున మా అమ్మాయికి జ్వరం వచ్చింది. ఫ్లూ అనుకుని నాలుగు రోజులు గడిపాను. చివరికి రక్తపరీక్షలో టైఫాయిడ్ అని తేలింది. పిల్ల తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. మా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటేనే బాగుండేదనిపించింది.

పూర్వం ఓడ ప్రయాణం వారాల తరబడి సాగేది. చాలా జబ్బులు దారిలోనే బయటపడేవి. క్వారంటీన్ అనే మాట ఇటాలియన్ భాషలోని 'నలభై' నుంచి పుట్టింది. వచ్చిన ఓడను నలభై రోజులు రేవు బయటే నిలిపేవారు. ఇప్పుడు హైదరాబాదులో విమానమెక్కితే మర్నాటికి అమెరికాలో ఉంటాం. టైఫాయిడ్ బయటపడడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. వైవాక్స్ రకం మలేరియా నెలల తరబడి కాలేయంలో దాగి ఉండగలదు. అంటే జబ్బు కంటే ముందే మనం ఇల్లు చేరిపోతాం.

2003 ఫిబ్రవరిలో సార్స్ సోకిన ఒక చైనా డాక్టరు హాంకాంగ్ హోటల్లో ఒక్క రాత్రి బస చేశాడు. అక్కడ దిగినవారి ద్వారా అది కొద్ది రోజుల్లోనే హనోయి, సింగపూర్, టొరాంటో చేరింది. ఒక్క కెనడాలోనే 44 మంది చనిపోయారు.

మనవాళ్ళలో ఇంకొక ధీమా ఉంది: "మలేరియా మనకేం చేస్తుంది?" అని. చిన్ననాడు ఏ కాస్త రక్షణ ఏర్పడినా, ఇక్కడ కొన్నేళ్ళుంటే అది తగ్గిపోతుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకు అసలే లేదు.

కనుక నా మనవి:

1. బయలుదేరడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందే డాక్టరును చూడండి. టైఫాయిడ్ సూది కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి. అది పూర్తి రక్షణ కాదు. కాచిన నీళ్ళే తాగండి.

2. ఆరు నుంచి పదకొండు నెలల పసివాళ్ళకు ప్రయాణానికి ముందు తట్టు టీకా ఒకటి వేయించాలి. ఏడాది నిండాక వేసే రెండు టీకాలు మామూలుగా వేయించవలసిందే.

3. వెళ్ళే ఊరి పేరు చెప్పి మలేరియా మాత్రలు అవసరమా అని అడగండి. ఇస్తే, తిరిగి వచ్చాక కూడా చెప్పినన్ని రోజులు మింగండి.

4. వచ్చాక జ్వరం తగిలితే ఆగకండి. డాక్టరుతో మొట్టమొదట చెప్పవలసిన మాట "ఇండియా వెళ్ళి వచ్చాం" అన్నదే. నెలలు గడిచినా సరే చెప్పండి.

ఒంట్లో బాగా లేకపోతే ప్రయాణం వాయిదా వేయండి. మన కోసం ఎదురుచూసే అమ్మమ్మలు, తాతయ్యలు పెద్దవాళ్ళు. మన దగ్గు వాళ్ళకు ప్రమాదం కావచ్చు.

ఈ ఏడు మా ఇంట్లో సూట్‌కేసుల కంటే ముందు టీకాల కార్డులు బయటికి వచ్చాయి. తీసినది మా అమ్మాయే.