ముందు వాళ్ల తుపాకులు దించండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఏ వాడ మీటింగుకు పోయినా మనోళ్ల పోరగాండ్లు మమ్మల్ని ఒకటే అడుగుతుండ్రు: "సార్, మనకు రివాల్వర్ లైసెన్సు ఇస్తరా? ఏది కొనాలె? కాల్చుడు ఎవరు నేర్పుతరు?"

ఈ మాటను నవ్వి కొట్టిపారేయలేం. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపిండ్రు. చుండూరు కేసులో 2007లో పడ్డ శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. ఇంక ఎవరిని నమ్ముకోవాలె?

చట్టం చదువుదాం. అట్రాసిటీ చట్టం కింద 1995లో వచ్చిన రూల్సులో మూడోది ఉన్నది. దాడి భయమున్న ఊర్లను సర్కారు గుర్తించాలె. అవసరమైతే అక్కడ దళిత, గిరిజనేతరుల తుపాకి లైసెన్సులు రద్దు చేసి, ఆయుధాలు జమ చేయించుకోవాలె. దొంగ తుపాకులు పట్టుకోవాలె. ఆ తర్వాత వస్తది మాట: అవసరమైతే మనకు లైసెన్సులు ఇవ్వాలె. ఈ వరుసను మరువొద్దు.

మన హక్కును వదులుకొమ్మని మేం చెప్పం. ఆస్తి లేదన్న ఒక్క సాకుతో లైసెన్సు కాదనొద్దని 1959 ఆయుధాల చట్టం 14వ సెక్షన్ చెప్తది. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి, అప్పీలుకు పోండి. ప్రాణభయమున్న సాక్షులు ముందు దరఖాస్తు పెట్టాలె. 9 ఎం.ఎం. పిస్టల్ సామాన్యులకు ఇయ్యరు; .32 రివాల్వర్ అయితే అడగొచ్చు. పట్టుడు, కాల్చుడు, భద్రంగా దాచుడు పద్ధతిగా నేర్చుకోవాలె. సాధన లేని తుపాకి ఇంట్ల పసిపిల్లలకే గండం. లైసెన్సు లేని తపంచాను మాత్రం ముట్టొద్దు. అది దొరికిన్నాడు బాధితుడే ముద్దాయి అయితడు.

కానీ ఒక్క రివాల్వర్ వాడనంతా కాయలేదు. కూలోళ్లకు దాని ధరే అందదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రలో పల్లె జనం వేలల్లో కదిలిండ్రు. అక్టోబర్‌లో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతమన్నది. గడీల్లో తుపాకులున్నన్ని రోజులు దానికి కల్లోలం కనబడలేదు. కూలోడు లేచిన్నాడే కనబడ్డది!

అందుకే ప్రతి వాడ నుంచి కలెక్టరుకు దరఖాస్తు పోవాలె: మా ఊరిని గుర్తించండి, వాళ్ల తుపాకులు దించండి. దించకుంటే మా లైసెన్సు మాకియ్యండి. రెండూ చెయ్యనంటే, రేపు పడే ప్రతి శవానికీ జవాబు మీరే చెప్పాలె!