చక్రం కాలిది, చిత్రం చేతిది

మధ్యతరగతి ఇండ్లలో కుట్టు మిషనుకు ఒక మూల స్థిరమైన చోటు ఉండును. జాకెట్టు ప్రక్కలు బిగించవలసినప్పుడు, చీర కొంగు మడిచి కుట్టవలసినప్పుడు, చిరిగిన దిండు గలీబుకు మాసిక వేయవలసినప్పుడు దానిపై ముసుగు తొలగును. పని ముగియగానే మరల ముసుగు పడును. ఒక గీత వెంట సూటిగా కుట్టుట తప్ప దానికి మరొక విద్య రాదని చాలమంది నమ్మకం. మల్లెతీగ అల్లవలెనన్నా, నెమలి పింఛం దించవలెనన్నా చేతి సూది పట్టవలసినదే అనియో, వేలకు వేలు పోసి ప్రత్యేక యంత్రం కొనవలసినదే అనియో అనుకొందురు.

ఈ నమ్మకం సరికాదని చెప్పు పుస్తకాలు శతాబ్దికి పైగా ఉన్నవి. 1911లో సింగర్ కంపెనీ అమెరికాలో మిషను ఎంబ్రాయిడరీపై ఒక పాఠ్యగ్రంథం వెలువరించినది. అందులోని పాఠాలు కాలితో తొక్కు సామాన్యమైన ఇంటి మిషను కొరకు వ్రాసినవి. అప్పటి ఇంటి మిషనులో నేటి జిగ్‌జాగ్ మీట లేదు. అయినను పూలు, ఆకులు, అక్షరాలు, జాలీ పని, చివరకు లేసు సైతం ఆ మిషనుతోనే సాధించు విధానం ఆ గ్రంథం మెట్టు మెట్టుగా చూపినది. ఆ తరువాత ఇట్టి గ్రంథాలు ఎన్నో వచ్చినవి. బొమ్మలు మారినవి, రంగులు వచ్చినవి. మూలసూత్రం మాత్రం మారలేదు.

పుస్తకం, బట్ట: ఒక పాత చుట్టరికం

ఈ విషయం ఆలోచించుటకు పుదుచ్చేరి తగిన పట్టణం. బట్టకూ పుస్తకానికీ అక్కడ పాత చుట్టరికం కలదు. 18వ శతాబ్దిలో ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీగా ఉండిన ఆనంద రంగ పిళ్ళె బట్టల వ్యాపారంలో ఆరితేరినవాడు. 1736 నుండి తమిళంలో ఆయన వ్రాసిన దినచర్య చరిత్రకారులకు నేటికీ ఆధారం. ఆయన తెలుగు కవులను కూడ ఆదరించినాడు. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథాన్ని ఆయనకే అంకితమిచ్చి, ‘ఆనందరంగరాట్ఛందము’ అని ఆయన పేరనే వెలయించినాడు.

అదే పట్టణంలో 1827లో నెలకొన్న గ్రంథాలయం నేడు రొమే రోలా పేరుతో నడచుచున్నది. ఆ రచయిత పేరే గల వీధిలో క్లూనీ సోదరీమణుల పాత ఫ్రెంచి భవనం ఉన్నది. అక్కడి పనిగదిలో స్థానిక స్త్రీలు బల్లగుడ్డలపైన, దుప్పట్లపైన చేతి ఎంబ్రాయిడరీ చేయుదురు. పట్టణపు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిన నూలుమిల్లులలో 1898 నాటి ఆంగ్లో-ఫ్రెంచి మిల్లు 2020లో మూతపడినది. పెద్ద యంత్రాలు ఆగిపోయిన ఊరిలో చేతి సూది ఇంకను ఆడుచున్నది. ఈ రెండింటి నడుమ ఇంటి మూలనున్న కుట్టు మిషను స్థానమేమి అనునది ఆలోచింపదగిన ప్రశ్న.

ఆరీ సూది నుండి

అలంకారానికి మిషను పరాయిది కాదు. నేడు తెలుగునాట పెండ్లి జాకెట్లపై మగ్గం పని చేయువారు చట్రానికి బట్ట బిగించి, కొక్కెం గల ఆరీ సూదితో గొలుసు కుట్టు వేయుదురు. ఇట్టి కొక్కెపు పని 18వ శతాబ్దిలో తూర్పు దేశాల నుండి యూరపునకు చేరినదని చరిత్రకారులు చెప్పుదురు. బట్టను డోలు చర్మం వలె బిగింతురు గనుక ఫ్రెంచివారు దానికి డోలు పేరే పెట్టి ‘తాంబూర్’ అన్నారు. లియాన్ నగరపు చుట్టుప్రక్కల గ్రామాలలో స్త్రీలు ఈ కొక్కెంతో పని చేయుచుండగా చూచిన బార్తెలెమీ తిమోనియే అను దర్జీ, ఆ కదలికనే ఒక కొయ్య యంత్రానికి నేర్పినాడు. 1830లో పేటెంటు పొందినాడు. నిత్యోపయోగానికి వచ్చిన తొలి కుట్టు మిషనులలో అది ఒకటి. దాని కుట్టు గొలుసు కుట్టే.

పారిస్‌లో 80 యంత్రాలతో సైనికుల దుస్తులు కుట్టు కార్ఖానా వెలసినది. 1831లో దర్జీలు గుంపుగా వచ్చి ఆ యంత్రాలను విరుగగొట్టినారు. వారు దుర్మార్గులు కారు. తమ పొయ్యిలో పిల్లి లేవదను భయం వారిది. తిమోనియే 1857లో పేదరికంలో మరణించినాడు. అప్పటికే, 1851లో పేటెంటు పొందిన సింగర్ మిషను ప్రపంచయాత్ర మొదలుపెట్టినది.

యంత్రాలను గూర్చి అంతగా శంకించిన గాంధీజీ 1924లో జరిగిన ఒక సంభాషణలో కుట్టు మిషనును మాత్రం మినహాయించినాడు. మనిషి చేతిని పనికిరానిదిగా చేయు యంత్రం వేరు, ఆ చేతి శ్రమను తగ్గించు యంత్రం వేరు అని ఆయన భావం. మిషను ఎంబ్రాయిడరీ నేర్చుకొనువారికి ఈ భేదం పుస్తకంలో కంటె తమ చేతిలోనే స్పష్టంగా తెలియును. అది ఎట్లో చూతము.

పుస్తకం చెప్పగలిగినది

మిషను కుట్టులో రెండు దారాలుండును. పైదారం సూదితో పాటు బట్ట క్రిందికి దిగును. సూది పైకి లేచునప్పుడు అక్కడ చిన్న ఉచ్చు ఏర్పడును. షటిల్ కొన ఆ ఉచ్చును పట్టి బాబిన్ దారం చుట్టు త్రిప్పును. రెండు దారాలు బట్ట మందం నడుమ ఒకదానినొకటి పెనవేసికొనిన, అది మంచి కుట్టు. ఈ ఒక్క విషయం అవగతమైనవారికి ఎంబ్రాయిడరీ గ్రంథంలో సగం అర్థమైనట్లే. ఏలయన, అలంకారపు కుట్లలో చాలభాగం ఈ సమతూకాన్ని కావాలని చెరుపుట వలన పుట్టినవే.

పైదారం టెన్షన్ కొద్దిగా వదులు చేసిన, క్రిందిదారం పైకి కనబడక పూవు రంగు నిండుగా వచ్చును. పైదారం బిగించి బాబిన్ దారం వదలిన, క్రిందిదారం పైకి లేచి పైదారాన్ని చుట్టుకొని, పూసలు గ్రుచ్చినట్లు కనబడును. సూది కంటిలో దూరని లావుపాటి పట్టుదారాన్ని బాబిన్‌కు చుట్టి, బట్టను తిరుగవేసి కుట్టిన, దారం పేనినట్లుండు గీత మంచివైపున వెలయును. మూడింటికి మిషను ఒక్కటే. తేడా మర త్రిప్పుటలో ఉన్నది.

ఇట్టి సంగతులు చెప్పుటకు పుస్తకం వంటి గురువు లేదు. వీటిని అంకెలలో చెప్పవచ్చును. అంకె మరచిపోయిన మరల పుట త్రిప్పి చూడవచ్చును. క్రొత్తగా నేర్చుకొనువారిని తికమక పెట్టు చిక్కు ఒకటి కలదు: దారపు అంకె పెరిగిన కొలది దారం సన్నబడును, సూది అంకె పెరిగిన కొలది సూది లావగును. 50 నంబరు దారం 30 నంబరు కంటె సన్నం. 16 నంబరు సూది 11 నంబరు కంటె లావు. సన్నని దారానికి లావు సూది వేసిన బట్టపై రంధ్రాలు మిగులును. లావు దారానికి సన్న సూది వేసిన దారం పీచులై తెగును. చాలమంది ‘ఈ మిషను మంచిది కాదు’ అని విసుగుకొనుటకు కారణం ఈ చిన్న పొరపాటే.

పళ్ళు దించిన తరువాత

సామాన్యమైన కుట్టులో బట్టను నడిపించేది మిషను. సూది పలక క్రింది నుండి పైకి లేచు పళ్ళు బట్టను వెనుకకు నెట్టును. పైనుండి పాదం అదిమి పట్టును. చేతులు దారి చూపుట వరకే. స్వేచ్ఛగా ఎంబ్రాయిడరీ చేయవలెనన్న మొదట ఈ ఏర్పాటును తొలగించవలెను. పళ్ళు దించుటకు మరగాని మీటగాని ఉన్న దించవలెను. లేనిచో వానిపై మూత పలక బిగించవలెను. పాదాన్ని విప్పి తీయవలెను.

తరువాత బట్టను రింగులో బిగించవలెను. చేతి ఎంబ్రాయిడరీలో బట్ట రింగు పైభాగాన ఉండును. ఇక్కడ బట్ట అడుగున ఉండి మిషను పలకను తాకుచుండవలెను. వ్రేలితో కొట్టిన డోలు వలె మ్రోగునంత బిగువు అవసరం. లోపలి రింగుకు గుడ్డపీలిక చుట్టిన బట్ట జారదు. పాదం లేకున్నను పాదం దించు మీటను దించుట మరువరాదు. అది దించనిదే పైదారానికి బిగువు రాదు, బట్ట క్రింద దారం చిక్కులు పడిపోవును. చక్రాన్ని చేతితో ఒకమారు త్రిప్పి బాబిన్ దారాన్ని పైకి తెచ్చుకొని, రెండు దారాల కొసలు పట్టుకొని పని మొదలుపెట్టవలెను. పాదం అడ్డు లేదు గనుక వ్రేళ్ళు రింగు అంచుపైననే ఉండవలెను; సూది దగ్గరకు పోరాదు.

ఇప్పుడు మిషను చేయునది ఒక్కటే: సూదిని పైకి క్రిందికి ఆడించుట. ముందుకా, వెనుకకా, ప్రక్కకా అను నిర్ణయమంతయు చేతిది. రింగును మెల్లగా కదలించిన చిన్న కుట్లు పడును. వేగంగా కదలించిన పొడుగు కుట్లు పడును. సూది బట్టలో ఉండగా లాగిన సూది వంగును, లేదా విరుగును. ప్రక్క ప్రక్కకు దగ్గర దగ్గరగా కదలించిన ఆకు నిండును. జిగ్‌జాగ్ లేని పాత మిషనుపై సాటిన్ కుట్టు వేయు రహస్యం ఇదియే. ఆర్గండీపై పూవు అంచును రెండు మూడు సార్లు కుట్టి, నడిమి బట్టను కత్తెరతో తీసి, అంచు చుట్టును దట్టంగా నింపిన కట్‌వర్క్ సిద్ధం.

తిమోనియే యంత్రాలు విరిగిన తరువాత మూడున్నర దశాబ్దాలకు, 1865లో, బొనా అను మరొక ఫ్రెంచివాడు ఎంబ్రాయిడరీ మిషను ఒకటి నిర్మించినాడు. దాని బల్ల క్రింద ఒక పిడి ఉండును. ఆ పిడిని ఎటు త్రిప్పిన కుట్టు అటు నడచును. యంత్రానికి బలం ఇచ్చి, దిశను మనిషి చేతిలోనే ఉంచిన ఏర్పాటది. ఇంటి మిషను పళ్ళు దించుట కూడ అదే ఒప్పందం. గాంధీజీ చేసిన భేదానికి ఇంతకంటె దగ్గరి నిదర్శనం అక్కరలేదు.

పుస్తకం చెప్పలేనిది

కాలి వేగం, చేతి వేగం ఒక లయలో కలియుట ఏ పుస్తకం చెప్పలేదు. ఛందోగ్రంథం గణాలు చెప్పును, యతిస్థానం చెప్పును, ప్రాసనియమం చెప్పును. అది చదివి తప్పులేని పద్యం వ్రాయవచ్చును. పద్యానికి నడక మాత్రం నోటికి పలుమార్లు తిరిగిన తరువాతనే పట్టుబడును. కుట్టు గ్రంథం కూడ అట్టిదే. నేడు సెల్‌ఫోనులో చేతుల కదలికను కంటితో చూడవచ్చును; అది మేలైన సౌకర్యం. కాని చూచినంత మాత్రాన అది మన చేతికి రాదు.

ఆంగ్ల గ్రంథాలు మొదటి అభ్యాసంగా సున్నలు, అలలు, కలిపి వ్రాయు రోమన్ అక్షరాలు ఇచ్చును. మన ఇండ్లలో అంతకంటె మంచి పాఠం వాకిట్లోనే ఉన్నది. చుక్కల చుట్టు తెగకుండా తిరుగు మెలికల ముగ్గు, పుదుచ్చేరి వీధులలో ఉదయమే కనబడు కోలం, రెండును ఒకే గీతతో సాగునవి. దారం త్రెంపకుండ ముగ్గును పాత పాప్లిన్ గుడ్డపై కుట్టిన చేతికి నిలకడ వచ్చును. తరువాత తెలుగు అక్షరం. దాని గుండ్రదనం రింగు త్రిప్పుటకు అనుకూలం. తలకట్టు దగ్గర మాత్రం సూది వచ్చిన దారినే కొంత వెనుకకు నడువవలెను.

అభ్యాసపు గుడ్డలను పారవేయరాదు. ప్రతి ముక్క ప్రక్కన సూది నంబరు, దారం నంబరు, టెన్షన్ అంకె, బట్ట పేరు వ్రాసి ఒక నోటుపుస్తకంలో అంటించవలెను. చెడిన ముక్కను కూడ అంటించి, ఎందుకు చెడినదో వ్రాయవలెను. అచ్చుపుస్తకం ఎవరి మిషనునో దృష్టిలో ఉంచుకొని వ్రాసినది. ఈ నోటుపుస్తకం తన మిషనును గూర్చి తాను వ్రాసుకొన్నది. పైగా అచ్చుపుస్తకాలలో చాలభాగం ఆంగ్లంలోనే ఉన్నవి. ఆ భాష రాని చెల్లెలికో, కోడలికో, ప్రక్కింటి పిల్లకో ఈ విద్య అందవలెనన్న, తెలుగులో చేతివ్రాతతో నిండిన ఆ నోటుపుస్తకమే వారధి.

ఇక జీవనోపాధి మాట. క్లూనీ పనిగదిలో ఒక బల్లగుడ్డపై చేతి సూది గడుపు కాలం ఎక్కువ. ఆ కాలానికే దాని విలువ. మిషను పనిని చేతిపనియని చెప్పి అమ్మిన, అది చేతిపని చేయు స్త్రీ కూలిని దొంగిలించుటయే. మిషను పనిని మిషను పనిగా చెప్పి అమ్ముటలో చిన్నతనం లేదు. పరికిణీ అంచు, పసిపిల్ల గౌను, దిండు గలీబు, బడిసంచిపై పేరు వంటి నిత్యం ఉతుకునవి, పదికాలాలు మన్నవలసినవి, సరసమైన ధరకు అందవలసినవి దాని రంగం. రెండు విద్యలకూ వేర్వేరు చోట్లు కలవు; నిజాయితీ ఉన్న రెండును బ్రతుకును.

కుట్టు మిషను ఇంటికి వచ్చినది అవసరం కొరకు. ముసుగు తీసి, పాదం విప్పి, పళ్ళు దించిన గంటసేపు మాత్రం అది ఆ ఇంటి స్త్రీ మనసులోని గీత వెంట నడచును. దానికి కావలసినది క్రొత్త యంత్రం కాదు. ఒక మంచి పుస్తకం, కొన్ని పాత గుడ్డలు, నాలుగు సూదులు విరిగినను విసుగని ఓర్పు.