గోండు ఆడబిడ్డ వాటా, ప్లీడరు ఫీజు

బైలదిల్లా గనుల ప్రాంతపు ఆదివాసీ కార్మికుల ఇంటి తగాదాలు సంఘ కార్యాలయానికి రావటం మాకు కొత్త గాదు. తండ్రి భూమిలో వాటా కోరిన ఒక గోండు ఆడబిడ్డ చేత ఒక ప్లీడరు హిందూ వారసత్వ చట్టం క్రింద దావా వేయించి ఫీజు పుచ్చుకున్నాడు. 1956 నాటి ఆ చట్టం, 2(2) సెక్షను ప్రకారం, కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషను ఇస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించదు. అది తెలియని ప్లీడరుకు కేసు అప్పగించటం దారి తెలియని వానికి బండి పగ్గాలివ్వటమే.

అట్లని ఆమెకు హక్కు లేదనరాదు. ఛత్తీస్‌గఢ్‌లోనే ఒక గోండు స్త్రీ వారసులు మూడు కోర్టులలో ఓడారు. వాటా ఇచ్చే ఆచారాన్ని మీరే రుజువు చేయండని వారిని అడిగారు. 2025 జూలై 17న సుప్రీంకోర్టు దీనిని తిరగవేసింది. ఆడవారికి వాటా లేదనే ఆచారమే వుంటే దానినే రుజువు చేయవలెనన్నది. రాజ్యాంగపు 14వ అధికరణను చూపి సమాన వాటా ఇచ్చింది. ఆచారం పేరిట చెలామణి అయినది ఎవరి స్వార్థమో మేము వేరే చెప్పనక్కరలేదు.

కనుక ప్లీడరును ముందుగా అడగవలసినవి: ఈ తీర్పు చదివారా? రెవెన్యూ కోర్టు అనుభవమున్నదా? కక్షిదారు మాట గోండీ లేక దోర్లీ, దావా కాగితం హిందీ; చదివి వినిపిస్తారా? ఫీజుకు రశీదిస్తారా?

1987 చట్టం 12వ సెక్షను క్రింద ఆదివాసీలకు, స్త్రీలకు, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయ సహాయమున్నది. దంతెవాడ, జగదల్‌పూర్ జిల్లా న్యాయ సేవా సంస్థలకు పోయేటప్పుడు వంశవృక్షం, బి-1, ఖస్రా నకళ్ళు వెంట తీసుకొనిపోవలెను.