హాస్టళ్ల పన్ను ఎవరి పద్దులో?

తిరుపతి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

2021 నుంచి ఇంటి పన్ను అద్దె మీద కాక మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. పెంపు ఏడాదికి 15 శాతం దాటదన్నారు గానీ, బాలాజీ కాలనీ పింఛనుదారుకు అదీ బరువే. పక్కనే 1954 నాటి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి మహిళా విశ్వవిద్యాలయం; వాటిలో పన్ను మినహాయింపు ఉన్న భవనాలున్నాయి.

వాటి హాస్టళ్ల మీద పన్ను వేయమని నేననను. వేస్తే అది మెస్ బిల్లులోనే తేలుతుంది, పలమనేరు నుంచి వచ్చిన రైతుబిడ్డ కడతాడు. అసలు అక్కడ గది దొరకనివాళ్లున్నారు గనకే కదా వీధివీధికీ ప్రైవేటు హాస్టళ్లు! వాటిలో ఎన్ని ఇంకా ఇళ్ల లెక్కలోనే పన్ను కడుతున్నాయో ముందు చూడండి.

ఇక మినహాయింపుల సంగతి. కేంద్ర ఆస్తులకు రాజ్యాంగం 285వ అధికరణం పన్ను మినహాయించింది. అయినా నీళ్లకూ చెత్తకూ వీధి దీపాలకూ సేవా రుసుము ఇవ్వాలని 2009లో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు దారి చూపింది: అందిన సేవలను బట్టి పన్నులో 33.33, 50 లేదా 75 శాతం. పన్ను మినహాయింపు ఉన్న యూనివర్సిటీ భవనాలకు రాష్ట్ర ఖజానా కూడా అలాగే ఎందుకివ్వకూడదు? ఆ భవనాల జాబితా, వదులుకున్న పన్ను మొత్తం వచ్చే బడ్జెట్‌లో అచ్చువేసి, ఆ కాగితం జతచేసి అమరావతికి రాయండి.

ఇట్లు,
బాలాజీ కాలనీ పన్ను చెల్లింపుదారు