నాలుగడుగుల బాత్రూంలో నిప్పు

తలుపు పగలగొట్టి మనిషిని బయటికి మోసుకొచ్చాక చుట్టూ చేరినవాళ్లు అనే మాట ఒకటే: గ్యాస్ లీకైందట. మర్నాడు పేపర్లోనూ అదే వస్తుంది. వెళ్లి చూస్తే సిలిండరు బాగానే ఉంటుంది. ట్యూబు బాగుంటుంది, రెగ్యులేటరు బాగుంటుంది, ఇంట్లో ఎక్కడా గ్యాస్ వాసన ఉండదు. అయినా అదే మాట. ఎందుకంటే లీకు అన్నామంటే ఇక అది ఎవరి తప్పూ కాదు, ఆ ఇంటి ఖర్మ. గాలి ఆడని గదిలో గ్యాస్ గీజర్ బిగించారు, అది కార్బన్ మోనాక్సైడ్ కక్కి మనిషిని చంపింది అని ఉన్నదున్నట్టు రాస్తే, బిగించింది ఎవరు, అమ్మింది ఎవరు, చూస్తూ ఊరుకున్నది ఎవరు అని అడగాల్సి వస్తుంది. ఆ ప్రశ్న అడగడం మనకు ఇష్టం లేదు.

నేను అడుగుతాను. ముందు లెక్క చెప్పి అడుగుతాను.

నిమిషానికి 6 లీటర్ల నీళ్లు కాచే గీజర్ తీసుకోండి. అన్ని నీళ్ల వేడి 25 డిగ్రీలు పెరగాలంటే 10 కిలోవాట్లకు పైగా వేడి కావాలి. వంటింటి స్టవ్ మీది బర్నర్లు నాలుగింటిని ఒకేసారి పూర్తిగా తిప్పి పెడితే వచ్చేంత మంట అది. నిమిషానికి సుమారు 16 గ్రాముల గ్యాస్ కాలుస్తుంది. అది పూర్తిగా కాలడానికి 200 లీటర్ల గాలి కావాలి. మన ఫ్లాట్లలో బాత్రూం ఎంతుంటుంది? 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు. అందులో పట్టే గాలి దాదాపు 5,400 లీటర్లు. పది నిమిషాల స్నానానికి అందులో మూడో వంతుకు పైగా ఆ మంటకే కావాలి. మిగిలిందాంట్లో మనిషి ఊపిరి తీసుకోవాలి. అంతవరకూ కూడా రాదు. గాలిలో ఆక్సిజన్ కాస్త తగ్గితే చాలు, మంట సరిగ్గా మండడం మానేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ కావలసింది సగంలో ఆగి కార్బన్ మోనాక్సైడ్‌గా మిగిలిపోతుంది. వెంటిలేటర్ లేదా అంటే ఉంది. చలికాలం కదా అని ఇంట్లోవాళ్లు దానికి అట్టముక్క అడ్డం పెట్టారు. ఎగ్జాస్ట్ ఫ్యానుకని వదిలిన కంతలో గుడ్డలు కుక్కారు. ఎవరూ చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?

వంటగ్యాసుకు కావాలని దుర్వాసన కలుపుతారు, లీకైతే ముక్కు పట్టేయాలని. కార్బన్ మోనాక్సైడ్‌కు ఆ దయ లేదు. రంగు లేదు, వాసన లేదు, గొంతు మండదు, దగ్గు రాదు. నెత్తురులో ఆక్సిజన్‌ను మోయాల్సిన హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, ఓ పట్టాన వదలదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేట్టుండడం, ఆపైన కాళ్లల్లో సత్తువ పోవడం. గడియ నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది. లేచి తీయాలని తెలిసినా లేవలేరు. బయట తల్లి తలుపు కొడుతూనే ఉంటుంది.

ఇంకా ప్రాణం ఉండగా ఆసుపత్రికి చేరినవాళ్ల సంగతి వినండి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ 98, 99 అని చూపిస్తుంది. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ ఈ విషం పట్టుకున్నదానికీ తేడా దానికి తెలియదు. రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ ఎంతుందో పరీక్ష చేస్తే తప్ప బయటపడదు. అది చేయకుండా బీపీ పడిపోయిందని సెలైన్ పెట్టి ఇంటికి పంపుతారు. లేకపోతే ఫిట్స్ అని చీటీ రాస్తారు. పంపేది ఎక్కడికి? మళ్లీ అదే బాత్రూంకు. గ్యాస్ గీజర్ వల్ల మూర్ఛలు వస్తున్నాయని మన దేశపు న్యూరాలజీ డాక్టర్లు వైద్య పత్రికల్లో రాసి ఏళ్లయింది. ఎవరు చదివారు? బతికి బయటపడ్డవాళ్లలో కొందరికి కొన్ని రోజులకో వారాలకో మతిమరుపు వస్తుంది, నడక తడబడుతుంది, మనిషి స్వభావమే మారిపోతుంది. దానికీ స్నానానికీ ఉన్న సంబంధం ఆ ఇంట్లో ఎవరికీ తట్టదు.

గీజర్ ఒక్కటే కాదు. ఏసీ చల్లదనం పోకూడదని కిటికీలు బిగించేసి వంటిల్లు, హాలు కలిపేసిన ఫ్లాట్లు కడుతున్నారు. పొగగొట్టం బయటికి పెట్టే చోటు లేదని బొగ్గు ఫిల్టరు చిమ్నీ అంటగడుతున్నారు. ఆ ఫిల్టరు పోపు వాసనను ఆపుతుందేమో, కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు, తిప్పి గదిలోకే వదులుతుంది. బర్నర్ కంతలు పూడుకుపోయి నీలం మంట పసుపు తిరిగితే, గిన్నె అడుగు మసి పడితే, అది సరిగ్గా కాలడం లేదని అర్థం. బాలింత గదిలో తలుపులు మూసి కుంపటి పెట్టే ఇళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఎర్రగా కాలే బొగ్గుకు పొగ ఉండదు కాబట్టి భయం లేదనుకుంటారు. పొగ లేకపోయినా ఈ విషం మాత్రం ధారాళంగా వస్తుంది. ఆ గదిలో ఉన్నది పురిటి తల్లి, పసిగుడ్డు.

2020 జనవరిలో కేరళ నుంచి నేపాల్‌లోని దామన్‌కు వెళ్లిన పర్యాటకులు 8 మంది, చలికి గదిలో గ్యాస్ హీటరు పెట్టుకుని తలుపులు వేసుకుని పడుకుని లేవలేదు. వాళ్లలో నలుగురు పిల్లలు. 2023 హోలీ రోజున ఘాజియాబాద్ జిల్లా మురాద్‌నగర్‌లో రంగులు కడుక్కోవడానికి వెళ్లిన దంపతులు గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూంలోనే చనిపోయారు. ప్రతిసారీ టీవీల్లో రెండు రోజులు, ఆ తర్వాత ఏమీ లేదు.

ఇప్పుడు అడుగుతాను. భారత ప్రమాణాల సంస్థ ఈ గీజర్లకు ఐఎస్ 15558 అని ఒక ప్రమాణం రాసింది. ఆ ముద్ర డబ్బాను పరీక్షిస్తుంది, దాన్ని తగిలించే గోడను ఎవరు పరీక్షిస్తారు? బాత్రూంలో బిగించకూడదని చాలా కంపెనీల పుస్తకాల్లోనే ఉంటుంది, చీమతలకాయంత ఇంగ్లిషు అక్షరాల్లో. అదే కంపెనీ ఫిట్టరు వచ్చి బాత్రూం గోడకు డ్రిల్లు పెడతాడు. కరెంటు బిల్లు తగ్గుతుందని ఇంటి ఓనరు అదే చూపించి అద్దె పెంచుతాడు. గ్యాస్ ఏజెన్సీ నుంచి తనిఖీకి వచ్చే మనిషి స్టవ్, ట్యూబు, రెగ్యులేటరు చూసి సంతకం పెట్టించుకుని వెళ్తాడు, పొగ ఎక్కడికి పోతోందని చూడడు. షాపుల్లో గ్యాస్ డిటెక్టర్ అని అమ్మేవాటిలో చాలావరకు వంటగ్యాస్ లీకును పట్టేవే, కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టవు. ఆ తేడా కొనేవాళ్లకు చెప్పరు.

చేయలేనిదేమీ కాదు ఇది. బ్రిటన్‌లో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ఏడాదికోసారి గ్యాస్ పరికరాలను అర్హత ఉన్న ఇంజినీరుతో తనిఖీ చేయించి, ఆ కాగితం అద్దెకున్నవాళ్ల చేతికివ్వాలి. 1998 నాటి నిబంధనల్లోనే ఉంది. అక్కడ చదువుకునే మన పిల్లలు ఆ కాగితం అందుకుంటారు. వాళ్ల అమ్మానాన్నలు ఇక్కడ గీజర్ కింద నిలబడి నీళ్లు పోసుకుంటున్నారు.

బాత్రూంలో గీజర్ ఉన్నవాళ్లు ఈ రోజే ఫిట్టరును పిలిచి దాన్ని గాలాడే బాల్కనీలోకి, బయటి గోడకు మార్పించండి. మార్చేవరకు తలుపు తెరిచి బకెట్లు నింపుకోండి, గీజర్ ఆపండి, గాలి మారాక లోపలికి వెళ్లండి. ఎవరైనా పడిపోతే బయటి గాలిలోకి లాగి 108కి ఫోన్ చేసి, ఇంట్లో గ్యాస్ గీజర్ ఉందని మొదటి మాటగా చెప్పండి. డాక్టరుకూ చెప్పండి. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఎంత త్వరగా అందితే అంత మేలు.

ఇక పోలీసులకు. అనుమానాస్పద మృతి అని భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 194 కింద రాసి, పోస్టుమార్టం రిపోర్టు రాగానే ఫైలు మూసేస్తున్నారు. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే వేయడానికి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 106 ఉంది కదా! గాలి రాని గదిలో నిప్పు పెట్టినవాడు ఉన్నాడు, అది తప్పని తెలిసీ సరుకు అమ్మి పంపినవాడు ఉన్నాడు, దాన్ని చూపించి అద్దె వసూలు చేసినవాడు ఉన్నాడు. పిలిపించండి. అడగండి. ఎఫ్ఐఆర్‌లో వాళ్ల పేర్లు రాయండి.