విలీనమా? అంగీకారమా?

పట్టణమునఁ బల్లెల "ఇన్కార్పొరేషను" జరిగెనన్న వార్తను మన పత్రికలు "విలీనము" అని తెనిఁగించుచున్నవి. ఇది నాకు సమ్మతము గాదు. లాటినున "కార్పుస్" అనఁగా శరీరము. శరీరములోఁ జేర్చుకొనుట, పలువురిని గూర్చి యేకశరీరముగాఁ జేయుట యని యా పదమున కర్థము. విలీనమన్ననో కరఁగిపోవుట. ఉప్పు నీటఁ గరఁగును; చేయి దేహమునఁ గరఁగదు గదా! పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని 12వ అధ్యాయము నెఱిఁగినవారికి నేను జెప్పఁ బనిలేదు.

1688లో చెన్నపట్టణమునకుఁ గార్పొరేషను ఏర్పడినపుడు ఆల్డర్మనులలో ఆంగ్లేయులతోపాటు హిందువులును గలరు. ఎవరును గరఁగిపోలేదు. వారందఱు గతించిరి, సంస్థ మాత్రము నేఁటికిని దన పేరనే యాస్తి గలిగి, వ్యాజ్యెములు నడపుచున్నది. చట్టము కల్పించిన శరీరమునకు సభ్యుల మరణముతో మరణము లేదు.

ఇఁక మంచి మాట యేది? అది మనయొద్దనే యున్నది. సంస్కృతమున "అంగ" శబ్దమునకు "కృ" ధాతువు చేరి "అంగీకారము" పుట్టినది, అంగముగాఁ జేసికొనుట. వాడుకలో నది యొప్పుకొనుట మాత్రమే యైనది. "విలీనము" అని వ్రాయ నలవాటుపడినవారు పల్లెవారి యంగీకారము నడుగ మఱచుటలో వింత యేమి?